ఏ బిడ్డకు ఏ సాధనం?

"మాట్లాడితే టైపు చేసే సాఫ్ట్‌వేర్‌లలో ఏది మంచిది? మా అబ్బాయికి రాయడం రాదు, ఏది పెట్టించమంటారు?" తల్లిదండ్రుల నుంచి మాకు తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఇది. ఈ ప్రశ్న వెనుక ఉన్న ఆందోళన చిన్నది కాదు. తరగతిలో వెనుకబడిన బిడ్డను నలుగురూ మొద్దు అనడానికి ఎంతో కాలం పట్టదు. రెండేళ్లు ఆ మాట వింటే బిడ్డ కూడా దానిని నమ్ముతాడు. తరువాత అబ్బాయైతే ఏ మెకానిక్ షెడ్డుకో వెళతాడు, అమ్మాయైతే చదువు మాని ఇంట్లో కూర్చుంటుంది. కనుక సాధనం ఎంపిక నిజానికి చదువు నిలుస్తుందా, ఆగిపోతుందా అన్న విషయంతో ముడిపడి ఉన్నది.

అయితే "ఏది మంచిది" అని అడిగే ముందు మరొకటి తేల్చుకోవాలి. రాయడం రాదంటే, బిడ్డకు అడ్డు ఎక్కడ పడుతున్నది? చేతి దగ్గరా, కంటి దగ్గరా, చెవి దగ్గరా, నాలుక దగ్గరా, లేక అక్షరాన్ని గుర్తుపట్టే చోటనా? ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ రెండు వేర్వేరు సాధనాలు కావలసి రావచ్చు. ఒకరిని ఆదుకునేది మరొకరికి ఏ మాత్రం పనికిరాకపోవచ్చు.

ఈ సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు కొంత తెలిస్తే ఎంపిక సులువవుతుంది. యంత్రం మనలాగా మాటను అర్థం చేసుకోదు. వేలాది మంది గొంతులను, వారి మాటల రాతప్రతులను దానికి ముందే నేర్పి ఉంటారు. వినిపించిన ధ్వనికి ఏ మాట ఎక్కువ దగ్గరగా ఉండవచ్చునో, ముందు వచ్చిన మాట తరువాత ఏ మాట రావడం సహజమో లెక్కగట్టి అది రాస్తుంది. అందువల్ల తాను ఎక్కువగా విన్న గొంతును బాగా గుర్తిస్తుంది, తక్కువగా విన్న గొంతు దగ్గర తడబడుతుంది. పిల్లల గొంతు పెద్దల గొంతు కన్నా సన్నన, ఉచ్చారణ ఇంకా కుదురుకోని దశ. పైగా మగపిల్లల గొంతు పదమూడు, పద్నాలుగేళ్లకు మారిపోతుంది. తడబడినప్పుడు యంత్రం "నాకు వినపడలేదు" అనదు. తప్పు మాటనే అచ్చు తప్పు లేకుండా, నిస్సంకోచంగా రాసిపెడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం మోసపోవడాలు తప్పుతాయి.

ముందుగా అక్షరాల దగ్గర తడబడే పిల్లల విషయం చూద్దాం. డిస్లెక్సియా ఉన్న బిడ్డ పాఠాన్ని నోటితో చక్కగా చెబుతుంది, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు కుదురుగా నిలవవు. డిస్‌గ్రాఫియా ఉన్న బిడ్డకు ఆలోచన ఉంటుంది, అది కలం దాకా వచ్చేసరికి చెదిరిపోతుంది. ఇటువంటి పిల్లలకు వాయిస్ టైపింగ్ నిజంగా తలుపు తెరుస్తుంది. ఫోనులోని జీబోర్డు తెలుగు, ఉర్దూ మాటలను 2017 నుంచి రాస్తున్నది. కంప్యూటరులో గూగుల్ డాక్స్ కూడా తెలుగు వింటుంది. రెండింటికీ రుసుము లేదు. కానీ ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. యంత్రం "ఫలం" అనవలసిన చోట "బలం" అని రాస్తే మామూలు బిడ్డ చూసి దిద్దుకుంటాడు. డిస్లెక్సియా ఉన్న బిడ్డకు ఆ తేడా కంటికి ఆనదు. కనుక రాసినదాన్ని తిరిగి చదివి వినిపించే సాధనం జత చేయకుండా వాయిస్ టైపింగ్ ఇవ్వడం సగం సాయమే అవుతుంది. ఫోనులోనూ, కంప్యూటరులోనూ చదివి వినిపించే సౌకర్యం ఉంటుంది. దానిని పనిచేయించి, ఒక వాక్యం చెప్పడం, ఒకసారి వినడం, ఆ తరువాతే రెండో వాక్యం అనే అలవాటును మొదటి రోజు నుంచే నేర్పాలి.

"ఇది కాపీ కొట్టడం కాదా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. కళ్లద్దాలు పెట్టుకుని చదివేవాడిని మనం ఆ మాట అడగము. సైన్సు పరీక్షలో కొలవవలసింది సైన్సు. అక్కడ చేతిరాతను యంత్రానికి అప్పగించినా బిడ్డ జ్ఞానం బిడ్డదే. అయితే మరో వైపు కూడా చెప్పాలి. ఏ ఇబ్బందీ లేని మూడో తరగతి బిడ్డకు హోంవర్కు త్వరగా పూర్తవుతుందని వాయిస్ టైపింగ్ అలవాటు చేస్తే "ల", "ళ"ల తేడా, ఒత్తు ఎక్కడ పెట్టాలో ఆ బిడ్డ నేర్చుకునే అవకాశం పోతుంది. యంత్రం ఒప్పుగా రాసిపెడుతుంది, బిడ్డ తప్పు ఎవరికీ కనబడదు. ఒకే సాధనం ఒక బిడ్డకు ఊతకర్ర, ఇంకొక బిడ్డకు నడక రాకుండా చేసే బండి.

చేతులు సహకరించని పిల్లల అవసరం ఇంకా లోతైనది. కండరాల క్షీణత వంటి వ్యాధి ఉన్న బిడ్డకు మాట స్పష్టంగా ఉండవచ్చు, కీబోర్డు మీద వేలు ఆడదు. ఈ బిడ్డకు మాటలు రాసిపెట్టడం ఒక్కటే చాలదు. ఫైలు తెరవడం, తప్పున్న చోటికి వెళ్లడం, చెరపడం, దాచడం, అన్నీ నోటితోనే జరగాలి. ఇందులో చాలా కాలం పేరు వినిపించింది డ్రాగన్. జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో అమెరికాలో స్థాపించిన సంస్థ 1997లో డ్రాగన్ నాచురల్లీ స్పీకింగ్‌ను తెచ్చింది. అంతకు ముందరి వాటితో ఒక్కో మాట మధ్య ఆగి ఆగి మాట్లాడవలసి వచ్చేది. దీనితో మామూలుగా మాట్లాడితే చాలు. బిడ్డ గొంతుకు అలవాటు పడడం, ప్రత్యేక పదాలను నేర్చుకోవడం దాని బలం. కానీ వృత్తి నిపుణుల కోసం ఉన్న రూపానికి వందల డాలర్ల ధర, పైగా అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు మీడియం బిడ్డకైతే నేడు అంత ఖర్చు పెట్టనవసరం లేదు. విండోస్ 11లో వాయిస్ యాక్సెస్ ఉన్నది, ఆపిల్ పరికరాలలో 2019 నుంచి వాయిస్ కంట్రోల్ ఉన్నది. పరికరం ఉంటే వీటికి వేరే వెల లేదు.

తెలుగు మీడియం బిడ్డ దగ్గరకు వచ్చేసరికి దారి ఇరుకవుతుంది. గూగుల్ డాక్స్ తెలుగు మాటను రాస్తుంది, కానీ "ఆ మాట చెరుపు", "పై వాక్యానికి వెళ్లు" వంటి ఆజ్ఞలను ఇంగ్లీషులో తప్ప వినదు. వాక్యాంతపు చుక్క కూడా తరచు చేత్తోనే పెట్టవలసి వస్తుంది. అంటే చేతులు లేని బిడ్డకు తెలుగులో రాయించుకునే వీలు ఉన్నది, తెలుగులో దిద్దుకునే వీలు లేదు. ప్రకటనలలో భాషల పట్టిక చూసి "తెలుగు ఉన్నది" అని సంతోషపడే ముందు ఈ తేడాను పరిశీలించాలి. ప్రస్తుతానికి పక్కన ఒక అక్కయ్యో, తమ్ముడో కూర్చుని దిద్దడమే ఉత్తమ మార్గం. అది చిన్నతనమేమీ కాదు.

చూపు లేని పిల్లలకు కూడా మాటతో రాయడమే సులువని చాలామంది అనుకుంటారు. ఇందులో మాకు భిన్నాభిప్రాయం ఉన్నది. ఏమి రాసిందో చూడలేని బిడ్డకు యంత్రం చేసే తప్పు ఎవరు చెబుతారు? ఆ బిడ్డకు ముందుగా కావలసింది తెర మీది అక్షరాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్. ఆస్ట్రేలియాకు చెందిన ఒక అంధ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగును కూడా చదువుతుంది. దానితో పాటు బ్రెయిలీ, చూడకుండా టైపు చేసే అభ్యాసం రావాలి. స్పెల్లింగు తెలియని చదువు కుంటుపడుతుంది. వాయిస్ టైపింగ్ వాటి తరువాత, త్వరగా ఒక మాట రాసుకోవడానికి.

వినికిడి లోపం ఉన్న బిడ్డకు సంగతి తలకిందులు. ఇక్కడ యంత్రం వినవలసింది బిడ్డ మాటను కాదు, ఉపాధ్యాయుడి మాటను. చిన్ననాటి నుంచే వినికిడి లేని శాస్త్రవేత్త డిమిత్రీ కనెవ్‌స్కీ పనిచేసిన బృందం నుంచి 2019లో గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ వచ్చింది. బధిరుల ఉన్నత విద్యకు పేరుపొందిన అమెరికాలోని గాలడెట్ విశ్వవిద్యాలయం అందులో సహకరించింది. ఎదుటివారు మాట్లాడుతుంటే ఫోను తెర మీద అక్షరాలు పడుతూ ఉంటాయి, తెలుగులో కూడా. అయితే నలభై మంది పిల్లలున్న గదిలో ఫోను చివరి బెంచీ మీద ఉంటే దానికి వినిపించేది ఫ్యాను చప్పుడే. ఉపాధ్యాయుడి మెడ దగ్గర చిన్న మైకు ఉండాలి. ఆయన బోర్డు వైపు తిరిగినా అది వింటుంది. మరొక జాగ్రత్త. పుట్టుకతోనే వినికిడి లేని బిడ్డకు చదవడమే ఇంకా సరిగా రాకపోతే పరుగెత్తే అక్షరాలు భారమే అవుతాయి. సంజ్ఞా భాషను పక్కకు నెట్టి ఫోను ఇవ్వడం సరికాదు.

ఇక నాలుక దగ్గర ఆగే పిల్లలు. ఎవరికి మాట మీద ఆధారపడే యంత్రం ఎక్కువ అవసరమో వారి మాటనే అది తక్కువగా గుర్తిస్తుంది. ఈ రంగంలోని పెద్ద అన్యాయం ఇదేనని మా అభిప్రాయం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు చేయీ ఆడదు, మాటా ముద్దగా వస్తుంది. ఆ మాట అమ్మీకి పూర్తిగా అర్థమవుతుంది, నానీకి అర్థమవుతుంది, యంత్రానికి ఒక్క ముక్క అర్థం కాదు. ఇటువంటి గొంతులను సేకరించి యంత్రానికి నేర్పాలని గూగుల్ 2019లో ప్రాజెక్ట్ యుఫోనియా ప్రకటించింది. ఆ కృషి ఇంగ్లీషుతో మొదలైంది. కనుక నేడు మన బిడ్డను రోజూ ఫోను ముందు కూర్చోబెట్టి "మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు" అనడం వద్దు. ఉన్న ఆత్మవిశ్వాసం కూడా పోతుంది. బొమ్మలనో, మాటలనో తాకితే ఫోనే పలికే సాధనాలు ఉన్నాయి. చెన్నైలో రూపొందిన అలాంటి దానికి "ఆవాజ్" అనే పేరు పెట్టారు. ఆ పేరు మన ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. స్పీచ్ థెరపిస్టును కలిసి అటువైపు ఆలోచించాలి. నత్తి ఉన్న బిడ్డకు ఇబ్బంది కొంత వేరు. ఫోను కీబోర్డు కాసేపు నిశ్శబ్దం వినగానే ఆగిపోతుంది, బిడ్డ మాట అందుకునేసరికి మైకు మూతపడి ఉంటుంది. ఒక మాట పెగలడానికి పట్టే సమయాన్ని ఓపికగా భరించే సాధనం దొరికిందా అన్నదే అక్కడ చూడవలసింది.

మన ఇళ్లకే ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉన్నది. బిడ్డ ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. యంత్రానికి ముందు భాష చెప్పాలి. ఉర్దూ ఎంచుకుంటే అది ఉర్దూ లిపిలో రాస్తుంది, హిందీ ఎంచుకుంటే దేవనాగరిలో. తెలుగు లిపి మాత్రమే చదవగల బిడ్డకు ఆ రెండూ గీతలే. పైగా యంత్రం ఎక్కువగా నేర్చినది ప్రామాణిక ఉర్దూ. మన "నక్కో", "హౌ", "లోగాఁ", "బాతాఁ" దానికి పరాయివి. గొంతు లోపలి నుంచి పలకవలసిన ఖాఫ్‌ను దక్కనీలో మనం ఖే లాగా పలుకుతాము. (తెలుగు రాతలో సైతం "ఖుర్ఆన్" అని ఖకారంతోనే రాస్తాము కదా.) యంత్రం దానిని వేరే మాటగా తీసుకుంటుంది. ఇందులో బిడ్డ తప్పు లేదు, దక్కనీ తప్పూ లేదు. ఈ భాష దాని చెవిన తగినంత పడలేదు, అంతే. అలాగని బిడ్డ చేత లక్నో ఉచ్చారణ పట్టించవలసిన పని లేదు. జవాబు ఏ భాషలో రాయాలో ఆ భాషనే యంత్రానికి చెప్పాలి. విషయాన్ని ముందు ఇంటి భాషలో అమ్మీకో, ఆపాకో నోటితో చెప్పనివ్వాలి. ఆలోచన కుదురుకున్న తరువాత తెలుగులోనో, ఇంగ్లీషులోనో ఒక్కో వాక్యం యంత్రానికి చెప్పాలి. మన పిల్లల పేర్లను యంత్రం తరచు వికృతం చేస్తుంది. అటువంటి పేర్లను, పాఠంలోని కఠిన పదాలను కీబోర్డులోని సొంత నిఘంటువులో చేర్చుకోవచ్చు.

సందర్భం వచ్చింది కనుక హిఫ్జ్ చేసే పిల్లల గురించి ఒక మాట. పారాయణాన్ని విని, ఎక్కడ పదం తప్పిపోయిందో చూపే "తర్తీల్" వంటి ఆప్‌లు వచ్చాయి. బిడ్డ చదువుతున్న పాఠం వాటికి ముందే తెలుసు. పోల్చి చూడడమే పని కనుక స్వేచ్ఛగా చెప్పే మాటను రాయడం కన్నా అది సులువు. ఇంట్లో తిరగ చదువుకోవడానికి ఉపయోగం ఉంటుంది. అయితే తజ్వీద్ దిద్దుకోవలసింది ఉస్తాద్ ముందే. నత్తి గల బిడ్డకు ఆప్ ఎర్ర గుర్తులు చూపితే వాటిని తప్పులుగా లెక్కించవద్దు.

ఏదైనా ఎంచుకునే ముందు ఇంట్లోనే పరీక్షించి చూడడం మేలు. బిడ్డ తన మాటల్లో సుమారు వంద పదాలు ఏదైనా పాఠం గురించి చెప్పాలి. పుస్తకం చూసి చదివించవద్దు, అక్షరాల దగ్గర తడబడే బిడ్డకు అది అన్యాయం. "కిరణజన్య సంయోగక్రియ" వంటి మాటలు రెండు మూడు ఉండేలా చూడండి. తప్పుగా రాసినవి, వదిలేసినవి, లేనివి చేర్చినవి, ఈ మూడింటినీ లెక్కించండి. విభక్తిని విడగొట్టడం, రెండు మాటలను కలిపేయడం తెలుగులో తరచు జరుగుతుంది. వాటిని వేరుగా రాసుకోండి, అర్థం చెడనంత వరకు అవి అంత ప్రమాదం కాదు. తరువాత దిద్దడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. వందకు ఐదారు తప్పులైతే నెట్టుకు రావచ్చు. ఇరవై దాటితే దిద్దే శ్రమ రాసే శ్రమను మించిపోతుందని మా అంచనా. ఇదే పరీక్షను కుక్కరు కూత, ఫ్యాను, తమ్ముళ్ల గోల మధ్య మరోసారి చేయండి. నోటికి దగ్గరగా ఉండే మైకు గల హెడ్‌సెట్ పెట్టి మూడోసారి. చాలా సందర్భాలలో సాఫ్ట్‌వేర్ మార్చడం కన్నా మైకు మార్చడం వల్లనే ఎక్కువ ఫలితం కనబడుతుంది. రెండు వారాల తరువాత బిడ్డనే అడగండి. బిడ్డకు నచ్చని సాధనం బల్ల అరుగులోనే ఉండిపోతుంది.

పరీక్షల సంగతి ముందుగానే ఆలోచించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా అందులో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నలభై శాతం, ఆపైన వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి లేఖకుడిని తీసుకునే వీలు, గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు సమయం కల్పించారు. నలభై శాతం లేకపోయినా రాయలేని ఇబ్బంది నిజమైనదైతే లేఖకుడిని నిరాకరించరాదని 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాయబోతే చేయి బిగుసుకుపోయే ఒక అభ్యర్థి వేసిన కేసు అది. సీబీఎస్‌ఈ 2018లో ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు కంప్యూటరు వాడే అనుమతి ఇచ్చింది, కానీ దానికి ఇంటర్నెట్ ఉండరాదు. అంటే నెట్ మీద ఆధారపడే వాయిస్ టైపింగ్‌ను ఏడాదంతా అలవాటు చేసిన బిడ్డ ఆ గదిలో ఒంటరవుతుంది. అందుకే పదో తరగతి దగ్గరపడే పిల్లలకు యంత్రంతో పాటు మనిషికి చెప్పి రాయించడం కూడా అభ్యాసం చేయించాలి. వాక్యాన్ని మనసులో పూర్తి చేసుకుని నిదానంగా చెప్పడం రెండింటికీ ఒకే నైపుణ్యం. సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవడం, పాఠశాల ద్వారా అనుమతి కోరడం విద్యా సంవత్సరం మొదట్లోనే జరగాలి. మండలాల్లోని భవిత కేంద్రాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఈ పనుల్లో వారి సలహా తీసుకోవచ్చు.

చివరిగా, మైకు నొక్కినప్పుడు బిడ్డ గొంతు ఎక్కడికి వెళుతున్నది? చాలా సాధనాలు దానిని దూరాన ఉన్న సర్వర్లకు పంపి అక్కడ అక్షరంగా మారుస్తాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటున్నది. సమ్మతి తెర వచ్చినప్పుడు చదవకుండా "ఓకే" నొక్కే అలవాటును కనీసం పిల్లల విషయంలో మానాలి. ఊరూ పేరూ తెలియని "తెలుగు వాయిస్" ఆప్‌లు ప్లే స్టోరులో చాలా ఉన్నాయి. మైకుతో పాటు కాంటాక్టులు, ఫోటోలు అడిగేవాటిని దింపుకోకుండా ఉండడమే మంచిది. ఉన్న సాధనం గొంతును బయటికి పంపకుండా పనిచేయగలదో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, బిడ్డ చేత రెండు తెలుగు వాక్యాలు చెప్పించండి. అక్షరాలు పడితే నెట్ లేని చోట కూడా అది తోడుంటుంది. పడకపోతే ఆ సాధనాన్ని ఇంటి అభ్యాసానికి ఉంచుకుని, పరీక్ష గది కోసం లేఖకుడి ఏర్పాటు ఈ నెలలోనే మొదలుపెట్టండి.